పది గంటలంటే ఏ ఊరి పది?

ఒకసారి మీ ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టైమ్ జోన్ ఏముందో చూడండి. చాలా ఫోన్లలో 'ఇండియా స్టాండర్డ్ టైమ్' పక్కనో, కిందో 'కోల్‌కతా' అని కనిపిస్తుంది. నేను పుట్టింది కాకినాడలో, ఉద్యోగం హైదరాబాద్‌లో. కోల్‌కతాలో ఇంతవరకూ అడుగు పెట్టలేదు. అయినా నా ఫోన్ నన్ను ఆ ఊరి లెక్కలోనే వేస్తుంది. ఎందుకో నేనెప్పుడూ పట్టించుకోలేదు. 2023 ఏప్రిల్ 30న, ఓ ఆదివారం మధ్యాహ్నం, పట్టించుకోక తప్పలేదు.

అప్పుడు నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నా. పేషెంట్లు డాక్టర్లతో వీడియోలో మాట్లాడేందుకు అపాయింట్‌మెంట్లు ఇచ్చే యాప్ మాది. ఈజిప్టు రాజధాని కైరోలో ఒక క్లినిక్ మా యాప్ వాడేది. అపాయింట్‌మెంట్ టైమ్‌ని సర్వర్‌లో దాచే కోడ్ రాసింది నేనే.

ఆ కోడ్ మీద నాకు భలే నమ్మకం. కాలేజీలో సీనియర్లు, ఇంటర్వ్యూల్లో పెద్దవాళ్ళు, అందరూ చెప్పిన సూత్రం ఒకటే: 'టైమ్‌ని ఎప్పుడూ యూటీసీలో దాచు.' యూటీసీ అంటే ప్రపంచం మొత్తానికీ ఒకే గడియారం. మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది, కైరో అప్పట్లో రెండు గంటలు ముందుండేది. కాబట్టి కైరోలో ఉదయం 10 గంటల అపాయింట్‌మెంట్ అంటే నా కోడ్ రెండు గంటలు తీసేసి, 8 అని దాచేది. చూపించేటప్పుడు మళ్ళీ రెండు కలిపేది. పరీక్షలన్నీ పాసైంది. ఇంకేం కావాలి?

ఆ ఆదివారం నేను అన్నం తింటుంటే మా లీడ్ ఫోన్ చేశారు. "కైరోలో పేషెంట్లు లాగిన్ అయి కూర్చున్నారు, డాక్టర్లు లేరట. ఏదైనా డౌన్ అయిందా?"

ఏదీ డౌన్ కాలేదు. అన్నీ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. ఫిర్యాదుల్లో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. ఎనిమిది నెలల బాబుని ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ పదింటి నుంచీ ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంది. ఫిబ్రవరిలోనే బుక్ చేసుకుంది. అప్పుడు మా యాప్ పంపిన మెసేజ్‌లో '10 గంటలకు' అనే ఉంది. డాక్టర్ స్క్రీన్ మీద మాత్రం ఆవిడ అపాయింట్‌మెంట్ 11కి కనిపిస్తోంది. ఇద్దరి తప్పూ లేదు. బాబు ఏడుస్తుంటే ఆవిడ నలభై నిమిషాలు చూసి వెళ్ళిపోయింది.

విషయమేమిటంటే, ఫిబ్రవరికీ ఏప్రిల్‌కీ మధ్య ఈజిప్టు ప్రభుత్వం తన గడియారాన్ని మార్చేసింది. కరెంటూ ఇంధనమూ ఆదా చేయడానికి ఎండాకాలంలో గడియారాలు గంట ముందుకు జరపాలని మార్చి 1న ప్రకటించింది. 2014 తర్వాత అక్కడ ఇలా జరపడం అదే మొదటిసారి. ఏప్రిల్ 28 నుంచి కైరో యూటీసీకి మూడు గంటలు ముందుకెళ్ళింది. మా సర్వర్‌లో కొత్త నియమం ఏప్రిల్ మొదటివారంలోనే వేశాం, మెచ్చుకోలు కూడా పొందాం. దాంతో నా కోడ్ పాత 8కి రెండు బదులు మూడు కలిపి 11 చూపించింది. లెక్క కరెక్టే. కానీ ఆవిడకి మేమిచ్చిన మాట 'యూటీసీ 8' కాదు. 'కైరోలో పది.'

ఆ రాత్రంతా మేలుకున్నాం. అన్నిటినీ గంట వెనక్కి జరిపేస్తే సరిపోదు. మేం సర్వర్ అప్‌డేట్ చేశాక బుక్ అయినవి సరిగ్గానే ఉన్నాయి, అంతకుముందువే తప్పు. ఒక్కొక్కటీ ఎప్పుడు బుక్ అయిందో చూసి విడదీయాల్సి వచ్చింది. తెల్లారి నాలుగింటికి టీ తాగుతూ మా లీడ్‌ని అడిగా, "అసలు ఈజిప్టు గడియారం మారిందని మన సర్వర్‌కి చెప్పిందెవరు సార్?" ఆయన నవ్వి, "చదువుకో, నీకే తెలుస్తుంది" అన్నారు.

చదివా. ప్రపంచంలో ఏ ఊళ్ళో ఏ రోజు గడియారం ఎంత ఉండాలో రాసి ఉంచే ఒక చిట్టా ఉంది. 'టీజెడ్ డేటాబేస్' అంటారు. మామూలు టెక్స్ట్ ఫైళ్ళే, పొలం అడంగల్‌లా వరసగా పేర్లు, తేదీలు, గంటలు. అమెరికాలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ప్రోగ్రామర్ 1980లలో మొదలుపెట్టారు. తర్వాత పాల్ ఎగర్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దాని బాధ్యత తీసుకున్నారు. ఏ దేశం గడియారం మార్చినా అక్కడివాళ్ళెవరో ప్రభుత్వ ఉత్తర్వు చూసి కబురు పంపుతారు. వీళ్ళు సరిచూసుకుని చిట్టాలో ఎక్కిస్తారు. అక్కడి నుంచి ఆండ్రాయిడ్, ఐఫోన్, లినక్స్ సర్వర్లు తీసుకుంటాయి. ఆ చిట్టా ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

కోల్‌కతా సంగతి కూడా అక్కడే తెలిసింది. దేశాల పేర్లూ సరిహద్దులూ మారుతుంటాయి, ఊళ్ళు అంత తొందరగా మారవు. అందుకని ఈ చిట్టాలో దేశం పేరు బదులు ఆ ప్రాంతంలో జనం ఎక్కువున్న ఊరి పేరు పెట్టే ఆనవాయితీ ఉంది. మనకొచ్చిన పేరు 'ఏషియా/కోల్‌కతా'. మొదట్లో 'కలకత్తా' అని ఉండేది. ఊరు పేరు మార్చుకుంటే వీళ్ళూ మార్చారు. పాత పేరు వాడే ప్రోగ్రాములు ఆగిపోకుండా దాన్నీ ఉంచారు.

ఇది చల్లగా కూర్చుని చేసే పని అనుకుంటే పొరపాటే. మా గొడవకి నెల ముందే లెబనాన్‌లో జరిగింది చూడండి. మార్చి 26న గంట ముందుకు జరపాల్సిన గడియారాన్ని, రంజాన్ ముగిసేవరకూ ఆపుతున్నామని ఆ దేశ ఆపద్ధర్మ ప్రధాని మార్చి 23న ప్రకటించారు. మధ్యలో మూడే రోజులు. అక్కడి మారోనైట్ చర్చి ఒప్పుకోలేదు, తాము జరుపుతామంది. కొన్ని సంస్థలూ అదే బాట పట్టాయి. ఒకే దేశంలో రెండు టైమ్‌లు! నాలుగు రోజుల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఈ చిట్టావాళ్ళు మార్చి 22న ఒక విడుదల ఇచ్చారు, లెబనాన్ కోసం 23న మరొకటి, దాన్ని వెనక్కి తీసుకుంటూ 28న ఇంకొకటి. ఆరు రోజుల్లో మూడు. చివరిదాంట్లో ఉన్న లెక్కలు మొదటిదాంట్లోవే.

కొత్త చిట్టా అందని ఫోన్ల సంగతి ఇంకో తీరు. మెక్సికో 2022 అక్టోబరులో ఈ జరపడాలకి చాలావరకు స్వస్తి చెప్పింది. కానీ 2023 ఏప్రిల్ రాగానే అక్కడ అప్‌డేట్ కాని ఫోన్లు పాత అలవాటు కొద్దీ గంట ముందుకు పోయాయి. చట్టం పోయిన సంగతి వాటికెవరూ చెప్పలేదు మరి.

"మన దేశంలో ఈ తలనొప్పి లేదు కదా" అని నాన్నతో అన్నా. మన టైమ్‌కి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మా కాకినాడ పక్కనుంచే, తుని దగ్గరగా పోతుంది. చిన్నప్పటి నుంచీ ఆ గర్వం మాకు. నాన్న ఏదో అనబోతుంటే నాన్నమ్మ అందుకుంది. "లేకపోవడమేంటే అమ్మడూ? నా జాతకం గొడవ మర్చిపోయావా?"

మర్చిపోలేదు. మా ఇంట్లో అదో పాత పంచాయితీ. నాన్నమ్మ 1944 వైశాఖంలో పుట్టింది. వాళ్ళ నాన్న రైల్వేలో గుమస్తా. పుట్టిన టైమ్ 'ఉదయం 5.40' అని పుస్తకంలో రాసిపెట్టాడు. వాళ్ళమ్మేమో "ఇంకా చిమ్మచీకటి, లాంతరు వెలుగులో పుట్టావు" అనేది. వైశాఖంలో కాకినాడలో ఐదూ నలభైకి చీకటెక్కడిది? సూర్యుడు వచ్చేసుంటాడు. ముత్తాత తప్పు రాశాడని ఒకరు, ముత్తవ్వ మర్చిపోయిందని ఒకరు.

ఆ చిట్టాలో కోల్‌కతా వరసలు తీశా. నిజంగానే మన గడియారాలకీ చరిత్ర ఉంది. 1906 జనవరి 1న ఐదున్నర గంటల లెక్క మొదలైంది. అంతకుముందు రైళ్ళు నడిచింది మద్రాసు టైమ్ మీద. అది ఇప్పటిదానికి తొమ్మిది నిమిషాలు వెనక. ఇక రెండో ప్రపంచయుద్ధంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు, దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచారు. అంటే ముత్తాత చూసిన స్టేషన్ గడియారంలో 5.40 అయితే, ఇప్పటి లెక్కలో 4.40. చిమ్మచీకటే. ఇద్దరూ నిజమే చెప్పారు. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది కాబట్టి గంట తేడా అంటే జాతకమే మారిపోవచ్చు. నాన్నమ్మకి చెబితే, "ఎనభయ్యేళ్ళు వేరేవాళ్ళ జాతకంతో బతికానా!" అని ఒకటే నవ్వు.

జాతకాలకీ ఈ చిట్టాకీ ఇంకో ముడి కూడా ఉంది. పాత టైమ్‌ల వివరాలు తమ పుస్తకంలోవంటూ 2011లో అమెరికాలో ఒక జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓల్సన్, ఎగర్ట్‌ల మీద కేసు వేసింది. చిట్టా కొన్నాళ్ళు ఆగింది. ఇంటర్నెట్ చిరునామాల లెక్కలు చూసే ఐయానా దాన్ని తన నీడలోకి తీసుకుంది. కొద్ది నెలల్లో కంపెనీ కేసు వెనక్కి తీసుకుంది. ప్రపంచంలోని ఫోన్లన్నీ నమ్ముకున్న చిట్టా, ఇద్దరు మనుషుల మీద పడ్డ ఒక్క కేసుతో ఆగిపోగలదని అప్పుడు తెలిసింది.

ఆ వారంలోనే నా కోడ్ మార్చా. జరిగిపోయిన వాటిని యూటీసీలోనే దాచుతున్నా, అవి ఇక మారవు కాబట్టి. జరగబోయే వాటికి మాత్రం మేమిచ్చిన మాటని ఉన్నదున్నట్టు దాచుతున్నా: 'ఉదయం 10, ఆఫ్రికా/కైరో.' ఎన్ని గంటలు కలపాలో ఆ రోజు చిట్టా చెబుతుంది. మీరు కోడ్ రాసేవాళ్ళయితే ఇది గుర్తుపెట్టుకోండి. కాకపోయినా, విదేశాల్లో ఉన్న అన్నయ్యకో, ఫ్రెండ్‌కో కాల్ ఫిక్స్ చేసేటప్పుడు ఏ ఊరి టైమో కూడా రాయండి. ఫోన్ అప్‌డేట్ అడిగితే 'తర్వాత' అని నొక్కుతూ ఏడాది గడపకండి.

ఆ బాబు వాళ్ళమ్మకి క్షమాపణ మెయిల్ నేనే రాశా. మర్నాడే డాక్టర్‌ని కలిపించాం. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూపించమన్నారట, నవంబరుకి బుక్ చేసుకుంది, పదింటికే. అక్టోబరు చివర్లో కైరో గడియారం మళ్ళీ గంట వెనక్కొచ్చింది. ఆ రోజు మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. లంచ్‌కి వెళ్ళకుండా స్క్రీన్ ముందే కూర్చున్నా. సరిగ్గా 10 గంటల 2 నిమిషాలకి ఆవిడ లాగిన్ అయింది. డాక్టర్ అప్పటికే ఉన్నారు.