తునికాకు పైసలు, ఫోన్ల లింకు

మా జైపూర్‌ల 1200 మెగావాట్ల సింగరేణి పవర్ ప్లాంటుంది గానీ, ఊళ్ల పిల్లలందరికీ అండ్ల కొలువు యాడ దొరుకుతది? మా చిన్నాయన కొడుకు ఫోన్లనే సంపాదిస్తనని తునికాకు పైసల్లకెళ్లి 3000 కట్టి "అఫిలియేట్"ల చేరబోయిండు. ఆపిన.

అసలైన అఫిలియేట్‌ల చేరడానికి పైసా అడగరు, అమెజాన్‌ది కూడా ఉచితమే. మన లింకుతోటి ఎవరన్నా కొంటేనే కమీషన్. వస్తువు వాపస్ పోతే అదీ పోతది. ఇంకో నలుగురిని చేర్పిస్తే పైసలొస్తయంటే అది గొలుసు దందా, 1978 చట్టం దాన్ని నిషేధించింది.

సింగరేణి తుక్కు వేలం కూడా ఆన్‌లైన్లనే, కానీ ముందే ధరావతు కట్టాలె. మనసొంటోళ్లకు అందదు.

తమ్ముడిప్పుడు పోటీ పరీక్షల పుస్తకాల లింకులు పెడుతుండు. మూడు నెలలకు 212 రూపాయలు పడ్డయి. రీచార్జికి సరిపోయినయంటడు.