నాన్న, కారు, ఒక సీటుబెల్టు

మొన్న సెలవులకి గూడెం వెళ్తే నాన్న రిటైర్మెంటు డబ్బుల్తో సెకండ్ హ్యాండ్ కారు కొంటానని కూర్చున్నారు. ఏలూరులో తెలిసినాయన బండి. చవగ్గా ఇస్తానన్నాడు, పైన తళతళా మెరుస్తోంది. నాకు కోడు రాయడమే గానీ కార్ల సంగతేం తెలుసు! అయినా ఎక్కడో అనుమానం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం కదా. ఆ నీళ్ళంటే మన కొల్లేట్లో కలిశాయి, మరి ఆ కార్లన్నీ ఎటు పోయినట్టు?

సీటుబెల్టు చివరంటా లాగాను. మామూలుగా బయటికి రాని చోట ఎండిన బురద గీత! డిక్కీలో స్టెప్నీ తీస్తే అడుగున ఒండ్రు. సీటు బోల్టులకి తుప్పు. ఇంజను మాత్రం భేషుగ్గా స్టార్టయింది. డెమోలో ఏ సాఫ్ట్‌వేరైనా పనిచేస్తుంది లెండి. నీళ్ళు తాగిన వైరింగు కనెక్టర్లు నెలల తర్వాత మొరాయిస్తాయి, ఎయిర్‌బ్యాగువి కూడా.

"తెలిసినవాడు నాతో అబద్ధం ఎందుకాడతాడ్రా?" అన్నారు నాన్న. తిరుగుదారిలో భీమడోలు దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆ బెల్టు ఎలా లాగాలో ఇంకోసారి చెప్పు" అన్నారు.

మీరూ పాలిష్ చూసి అడ్వాన్సు ఇచ్చేయకండి. ముందు బెల్టు లాగండి.