వెనక ముగ్గురు

2025 మే 22, బందరు
అర్ధరాత్రి పన్నెండున్నరకి మ్యాచ్. బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్. ప్రీమియర్ లీగులో పదహారో స్థానం వాళ్లకీ, పదిహేడో స్థానం వాళ్లకీ. టోటెన్‌హామ్ 1, మనం 0.
మాంచెస్టర్ యునైటెడ్‌ని మనం అని రాసేశా. మాంచెస్టర్ మిల్లు గుడ్డ బందరు అద్దకాన్ని మూలబెట్టింది. అయినా మనం.
ఎవర్నిరా రాత్రంతా తిట్టావు, అంది అమ్మ. మేనేజర్ని అన్నా. ఏ బ్రాంచి, అంది.

ఆగస్టు 28, నాగాయలంక
బావ చెరువు గట్టు. ఏరియేటర్ల హోరు. ఫోన్లో బొమ్మ తప్ప మాట వినపడదు. నష్టం లేదు.
గ్రిమ్స్‌బీ. నాలుగో అంచె జట్టు. 2-2. పెనాల్టీల్లో వాళ్లు 12, మనం 11. అక్కడ కుండపోత. మన మేనేజర్ అమోరిమ్ చిన్న బోర్డు మీద బిళ్లలు జరుపుతున్నాడు. అష్టాచెమ్మాలో పంట పండనివాడి మొహం.
"వెనక ముగ్గురేంటి? నలుగుర్ని పెట్టొచ్చుగా. మొండోడు," అన్నాడు బావ.
నిన్నటి నుంచి అమెరికా సుంకం 50 శాతం. వనామీ రేటు పడింది. పక్క చెరువాయన చేపల్లోకి దిగుతున్నాడట. నువ్వో బావా, అన్నా. "పదిహేనేళ్లుగా రొయ్యే. ఇప్పుడు కొత్తగా ఏంటి?" చెరువు నీళ్లలో ఆక్సిజన్ చూడాలని లేచాడు.

సెప్టెంబరు 20, గుడివాడ
మేనల్లుడి గది. పోయిన ఆదివారం మాంచెస్టర్ సిటీ చేతిలో 0-3. పోప్ వచ్చి చెప్పినా పద్ధతి మార్చనన్నాడట అమోరిమ్.
నలుగురు కుర్రాళ్లు. ఇద్దరు మార్చాలన్నారు. ఒకడు ఆటగాళ్లని మార్చమన్నాడు. నాలుగోవాడు ఆర్సెనల్. వాడికి ఓటు లేదు.
మంచం మీద సోడా మూతలు పేర్చారు. మూడు, నాలుగు, మూడు. గోలీకి అగ్గిపెట్టె. "నడిమధ్య మనవాళ్లు ఇద్దరే. అవతల ముగ్గురు. లెక్క చూసుకో మావయ్యా." చూసుకున్నా. టీలకి నూట ఇరవై అయింది. నేనే ఇచ్చా.

సెప్టెంబరు 21
చెల్సీ మీద 2-1. వాదన వాయిదా.

అక్టోబరు 20, దీపావళి
నిన్న యాన్‌ఫీల్డ్‌లో 2-1. 2016 తర్వాత అక్కడ గెలవడం ఇదే. బావ ఫోను. ముగ్గురే మేలట. చేపల సంగతి అడగలేదు.

అక్టోబరు 29, బందరు
మొంథా తుఫాను. కాకినాడ దగ్గర అన్నారు. నరసాపురం దగ్గర దాటింది. కరెంటు లేదు. 1977 ఉప్పెన చూసినవాళ్లు మా వీధిలో కన్ను మూయలేదు. మిగతావాళ్లు వీడియోలు తీశారు.

నవంబరు 16
కోనేరు సెంటర్లో డ్రిల్లు మాస్టారు. ఎనభై దాటాయి. అమోరిమ్ ఎవరో తెలీదు. విషయం చెప్పా. "రహీమ్ సాబ్ అయితేనా," అని మొదలెట్టారు.
హైదరాబాదు రహీమ్, అప్పటి మన దేశం జట్టు కోచ్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10, మనం 1. మనవాళ్లలో చాలామంది ఒట్టికాళ్లతో. ఆ తర్వాత బూట్లు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండరు జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్నే ముందుకి పంపాడు. ఫైనల్లో కొరియా మీద జర్నైల్ గోలు కొట్టాడు. 2-1. బంగారం. "ఆయన కూడా బడిపంతులేనండీ." ఈ మాట రెండుసార్లు అన్నారు.
ఇక్కడ మనం అని రాయడానికి ఇబ్బంది లేదు.
మీ స్కూలు జట్టు ఏ పద్ధతిలో ఆడేది మాస్టారూ, అన్నా. "బంతి ఒకటే ఉండేది. అందరూ దాని వెనకే."

డిసెంబరు 27
తెల్లవారుజామున న్యూకాజిల్ మీద 1-0. డోర్గూ గోలు. వెనక నలుగురు! మేనల్లుడి మెసేజి: "పోప్ వచ్చెళ్లినట్టున్నాడు."

డిసెంబరు 31
అట్టడుగున ఉన్న వుల్వ్స్‌తో 1-1. వెనక మళ్లీ ముగ్గురు. మేనల్లుడి మెసేజి లేదు.

2026 జనవరి 5
నిన్న లీడ్స్‌తో 1-1. ఇవాళ అమోరిమ్‌ని తీసేశారు. పద్నాలుగు నెలలు.
అమ్మకి చెప్పా. "ఏ ఊరు వేశారు?"

జనవరి 6
బావ ఒక చెరువు ఎండగట్టాడట. అక్క చెప్పింది. ఫోన్ చేశా.
చేపలా, అన్నా.
"కొత్తాయన వెనక ఎంతమందిని పెడతాడంటావు?" అన్నాడు.