సికింద్రాబాదు పట్టాల కింద

మూడవ నిజాము సికందర్ జా పేరు మీదుగా సికింద్రాబాదుకు 1806లో ఆ పేరు వచ్చింది. 1874లో రైలు వచ్చింది. వాడి జంక్షను నుంచి నిజాము రాజ్యంలోకి వేసిన లైను మొదట ఈ ఊరికే చేరింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దాని ముఖ్య కార్యాలయం ఇక్కడే పెట్టారు. లాలాగూడాలోనూ, మౌలాలీలోనూ తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ రైల్వేలోనే పని చేసిన ఇళ్ళు ఉన్నాయి.

ఈ ఊరి స్టేషను పాత ముఖభాగాన్ని కొత్త కట్టడం కోసం 2025లో పడగొట్టారు. వచ్చినవాళ్ళంతా కొత్తగా లేచే గోడలనే చూస్తారు. మీరు మాత్రం రైలు బయలుదేరగానే కిటికీలోనుంచి పక్క పట్టాలను చూడండి. పట్టాల కింద, కంకరలో సగం పూడుకుని, బూడిదరంగు దిమ్మెలు వరుసగా కనిపిస్తాయి. అవే స్లీపర్లు. మీ తాతగారి కాలంలో అవి చాలాచోట్ల కలపతో చేసినవి. ఇప్పుడు కాంక్రీటువి. ఒక్కొక్కటి 2 మీటర్ల 75 సెంటీమీటర్ల పొడవు, పావు టన్నుకు పైగా బరువు. రెండు స్లీపర్ల మధ్య దూరం సుమారు 60 సెంటీమీటర్లు. సికింద్రాబాదు నుంచి కాజీపేట దాకా ఒక్క లైనులోనే ఇవి రెండు లక్షలకు పైగా ఉంటాయి.

ఈ మార్గంలో రైళ్ళ గరిష్ఠ వేగాన్ని 2022లో గంటకు 130 కిలోమీటర్లకు పెంచారు. లెక్క వేసి చూడండి: ఆ వేగంతో పోయే చక్రం ఒక సెకనులో 36 మీటర్లు, అంటే 60 స్లీపర్లు దాటుతుంది! ఒక్కొక్క చక్రం మీద పది టన్నుల దాకా బరువు ఉండవచ్చు. అయినా చక్రం గుండ్రంగా ఉన్నంతవరకూ కాంక్రీటుకు పెద్ద భయం లేదు. బరువు మెత్తగా వచ్చి మెత్తగా దిగిపోతుంది.

చిక్కంతా చక్రం గుండ్రదనం పోయినప్పుడే. ఒక్కొక్కప్పుడు బ్రేకు పట్టేసి చక్రం తిరగటం మానేస్తుంది. కాని రైలు ఆగదు కదా! చక్రం పట్టా మీద జారుతూ పోతుంది. జారినచోట అరిగి చదునవుతుంది. బ్రేకు వదలగానే చక్రం మళ్ళీ తిరుగుతుంది. ఇక అక్కడినుంచి ఆ చదును పట్టా మీదికి వచ్చినప్పుడల్లా ‘ఢాం’ అని ఒక దెబ్బ. చక్రం వ్యాసం 91 సెంటీమీటర్ల చిల్లర కనుక, 130 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పన్నెండు దెబ్బలు! చక్రం మామూలుగా మోపే బరువుకు రెండు మూడు రెట్ల బలంతో పడే దెబ్బ ఇది. సెకనులో వెయ్యోవంతులు కొన్ని గడిచేసరికి అయిపోతుంది కూడా.

ఆ చదును ఎంత లోతు ఉంటుందనుకున్నారు? 5 సెంటీమీటర్ల పొడవున అరిగిన చక్రంలో లోతు ఒక మిల్లీమీటరైనా ఉండదు. మీ నోటుపుస్తకంలో ఏడు కాగితాల మందం, అంతే. ఈ లెక్క చేసి చూసేవరకూ నమ్మటం కష్టం.

ఈ దెబ్బ తగిలితే కాంక్రీటుకు ఏమవుతుంది? ఒక సుద్దముక్క తీసుకోండి. దాని రెండు కొసలనూ రెండు వేళ్ళ మధ్య పెట్టి ఎంత నొక్కినా విరగదు. కొంచెం వంచండి, టప్పున విరుగుతుంది. వంచినప్పుడు సుద్దముక్కకు ఒక వైపు నొక్కుడు పడుతుంది, రెండో వైపు సాగుడు పడుతుంది. సుద్ద సాగలేదు. కాంక్రీటు గుణం కూడా ఇదే. నొక్కుడును భరించే శక్తిలో పదోవంతు మాత్రమే దానికి సాగుడును భరించే శక్తి ఉన్నది.

నొక్కుడంటే భయం లేకపోతే దెబ్బంటే భయమెందుకు? దెబ్బ కూడా నొక్కటమే గదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే ఒక గమ్మత్తు ఉన్నది. క్యారంబోర్డు మీద అయిదు కాయలను ఒకదానికొకటి ఆనించి వరుసగా పెట్టండి. ఒక కొసన స్ట్రైకరుతో కొట్టండి. కొట్టిన కాయకన్నా అవతలి కొసన ఉన్న కాయే వేగంగా ఎగిరిపోతుంది. మధ్యనున్నవి నొక్కుడును ఒకదానినుంచి మరొకదానికి అందించాయి. చివరిదానికి అందించటానికి ఎవరూ లేరు, కనుక అదే ఎగిరింది.

కాంక్రీటు గోడకు అతివేగంగా ఏదైనా తగిలినా ఇదే జరుగుతుంది. నొక్కుడు ఒక అలగా గోడలో సెకనుకు సుమారు 4 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. గోడ వెనుక ముఖం చేరేసరికి ముందుకు పోవటానికి గాలి తప్ప ఏమీ లేదు. అల వెనక్కు తిరుగుతుంది. తిరిగేటప్పుడు అది సాగుడు అలగా మారిపోతుంది! సాగుడంటే కాంక్రీటు ఓర్వలేదు కదా? అందుచేత దెబ్బ ముందు తగిలితే వెనుక పెచ్చులు ఊడి ఎగురుతాయి. గోడను చీల్చుకుని ఏదీ బయటికి రాకపోయినా, గోడ చాటున నిలబడినవాడికి దెబ్బ తప్పదు. బెర్ట్రమ్ హాప్కిన్‌సన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ అలలను ఉక్కు కడ్డీలలో కొలిచి 1914లో ప్రకటించాడు.

గోడ బాగా మందంగా ఉంటే సంగతి వేరు. 1988లో అమెరికాలో ఒక పాత ఫాంటమ్ యుద్ధవిమానాన్ని గంటకు సుమారు 770 కిలోమీటర్ల వేగంతో 3 మీటర్ల 66 సెంటీమీటర్ల మందమున్న కాంక్రీటు దిమ్మెకు కావాలనే ఢీకొట్టించారు. విమానం పొడిపొడి అయిపోయింది. దిమ్మెలో పడిన గుంట 6 సెంటీమీటర్లు!

కాంక్రీటులో మరొక వింత ఉన్నది. మెల్లగా లాగితే తెగే కాంక్రీటు, అదే బలంతో చటుక్కున లాగితే తెగకపోవచ్చు. మెల్లగా లాగినప్పుడు పగులు తీరికగా, లోపలి కంకర రాళ్ళను తప్పించుకుంటూ, మెత్తని చోట్లు వెతుక్కుంటూ పోతుంది. మౌలాలీ గుట్ట అడ్డం వస్తే చుట్టూ తిరిగి పోయే బాటసారిలాగా అన్నమాట. వేగంగా లాగితే అంత తీరిక లేదు. రాళ్ళనే చీల్చుకుంటూ పోవాలి. రాయిని చీల్చటానికి ఎక్కువ బలం కావాలి.

సరే, మన స్లీపరు దగ్గరికి వద్దాం. చక్రం దెబ్బ తుపాకిగుండు దెబ్బ అంత చురుకైనది కాదు. పట్టా కింద స్లీపరు మందం 21 సెంటీమీటర్లు. ఆ మందాన్ని అల సెకనులో ఇరవైవేలవ వంతులో దాటేస్తుంది. దెబ్బ పూర్తయ్యేలోగా ఎన్నోసార్లు పైకీ కిందికీ తిరిగి సర్దుకుంటుంది. కనుక ఇక్కడ పెచ్చులు ఎగరవు, స్లీపరు సుద్దముక్కలాగా వంగుతుంది. పట్టా కింద అడుగుభాగం సాగుతుంది. పగులు అక్కడే పుడుతుంది. కంకరలో ఉన్నది కాబట్టి ఎవరికీ కనిపించదు. పగులు పెరిగితే పట్టాను బిగించిన క్లిప్పు వదులవుతుంది. రెండు పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు ఉండవలసిన ఎడం పెరుగుతుంది. అది మరీ పెరిగితే చక్రం పట్టాల మధ్యకు జారుతుంది. వెయ్యిమంది నిద్రపోతున్న రైలులో అలా జరగకూడదు.

దీనికి మనుషులు కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. అయిదారు పుస్తకాలను బల్ల మీద వరుసగా నిలబెట్టి, రెండు కొసలా అరచేతులతో గట్టిగా నొక్కి పైకెత్తండి. పుస్తకాలన్నీ ఒక్క చెక్కలాగా లేస్తాయి! మీరు వదలనంతవరకూ వాటిమధ్య సందు రాదు. కాంక్రీటును కూడా ఇలాగే ముందుగానే నొక్కి ఉంచవచ్చునని యూజీన్ ఫ్రెయ్‌సినే అనే ఫ్రెంచి ఇంజనీరు 1928లో పేటెంటు పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కలప కరువైనప్పుడు ఇంగ్లండులో ఈ పద్ధతితో స్లీపర్లు చేశారు. మన దేశంలో చేసేవాటిలో పద్ధెనిమిది ఉక్కు పేటలు ఉంటాయి. ఒక్కొక్క పేట మూడు సన్నని తీగలను మెలివేసినది. వాటిని ముందు గట్టిగా లాగి పట్టుకుని, చుట్టూ కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక తీగలను కోస్తారు. తీగలు వెనక్కు ముడుచుకోబోతాయి, కాంక్రీటు ముడుచుకోనివ్వదు. ఆ పెనుగులాటలో స్లీపరు మీద సుమారు 50 టన్నుల నొక్కుడు పుడుతుంది. చక్రం వచ్చి సాగదీయబోతే ముందు ఆ నొక్కుడంతా ఖర్చు కావాలి. ఒకవేళ సన్నని పగులు వచ్చినా, చక్రం దాటగానే తీగలు దాన్ని మళ్ళీ మూసేస్తాయి.

పట్టాకూ కాంక్రీటుకూ మధ్య గాళ్ళు తీసిన రబ్బరు పలక ఒకటి ఉంటుంది. మందం ఒక సెంటీమీటరుకు మించదు. దెబ్బను అది కొంచెం ఆలస్యం చేస్తుంది. ఆలస్యమైన దెబ్బకు వాడి తగ్గుతుంది. దాని కింద కంకర కూడా ఆ పనే చేస్తుంది. రబ్బరు నలిగిపోతే, కంకర పొడై గట్టిపడిపోతే, ఎంత మంచి స్లీపరైనా ఎక్కువకాలం నిలవదు. అందుకే కీమాను ప్రతిరోజూ సుత్తి పట్టుకుని తన వంతు లైను మొత్తం నడిచి చూస్తాడు. ఎండాకాలంలో ఆ నడక తేలిక కాదు.

రైలు స్టేషనులోకి వస్తున్నప్పుడు లైనుకు రెండు పక్కలా కొందరు పనివాళ్ళు నిలబడి చక్రాలవంకే చూస్తూ ఉంటారు. ఈసారి గమనించండి. వాళ్ళు చూడటమే కాదు, వింటారు కూడా. పట్టాలు చీలే చోట్ల సందులు ఉంటాయి కనుక ఏ చక్రమైనా అక్కడ టకటకమంటుంది. అది వాళ్ళకు లెక్కలేదు. సందు లేనిచోట, ఒకే చక్రం కింద, లయ తప్పకుండా వచ్చే చప్పుడే వాళ్ళకు కావాలి. కొన్ని మార్గాలలో పట్టాకే యంత్రాలు అమర్చి ప్రతి చక్రం దెబ్బనూ తూకం వేస్తున్నారు.

ప్రయాణికుల పెట్టెలలో 5 సెంటీమీటర్లకు మించిన చదునున్న చక్రం నడవకూడదు. అటువంటిదాన్ని విప్పి లేతు మీద ఎక్కిస్తారు. అరిగింది ఒక్కచోటే అయినా చుట్టూరా చెక్కవలసిందే. ఉక్కు మెరుస్తూ చుట్టలు చుట్టలుగా కింద పడుతుంది. చక్రం కొద్దిగా చిన్నదై, మళ్ళీ గుండ్రంగా, పెట్టె కిందికి వెళుతుంది.