వైద్యం మాత్రమేనా?

అవతార్ అనగానే నీలం రంగు మనుషుల సినిమా గుర్తొస్తుంది కదా! నేను చెప్పేది అది కాదు. 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' అని 2005 నుంచి 2008 దాకా అమెరికాలో వచ్చిన కార్టూన్ సీరియల్. మా అమ్మాయి పెడితే, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ 61 భాగాలూ చూసేశాను.

ఆ లోకంలో నాలుగు జాతులు. ధ్రువాల దగ్గర మంచులో ఉండేవాళ్లకి నీరు మాట వింటుంది. భూమి రాజ్యంవాళ్లకి రాయీ మట్టీ, అగ్ని దేశంవాళ్లకి నిప్పు, దేశదిమ్మరి సన్యాసులకి గాలి. అక్కడ పుట్టినంత మాత్రాన అందరికీ రాదు. కటారాకి వచ్చింది, వాళ్లన్నయ్యకి రాలేదు.

దక్షిణ ధ్రువంలో ఆమెకి నేర్పేవాళ్లే లేరు. అంత దూరం ఉత్తర ధ్రువానికి వెళ్తే, అక్కడి గురువు పక్కూ "ఆడపిల్లలకి వైద్యం మాత్రమే, పోరాటం మగవాళ్లకే" అన్నట్టు మాట్లాడతాడు. కటారా ఊరుకోదు, ఆయనతోనే తలపడుతుంది. ఓడిపోతుంది కూడా. అప్పుడు ఆమె హారం ఆయన కంటపడుతుంది. ఒకప్పుడు తను పెళ్లాడాల్సిన అమ్మాయికి చెక్కి ఇచ్చినదే! ఆ అమ్మాయి కటారా నాయనమ్మ. ఆ కట్టుబాట్లు భరించలేక ఊరే వదిలి వెళ్లిపోయింది. అప్పటికిగానీ ఆయన మెత్తబడలేదు.

కానీ తర్వాత పిడుగు దెబ్బ తిన్న ఆంగ్‌ని బతికించింది కటారా వైద్యమే. వైద్యం తక్కువ పనేం కాదు. 'అది మాత్రమే' అనడంలోనే ఉంది తంటా అంతా.

మా ఇంట్లో ఇప్పుడు అదే గొడవ. పది పాసైన మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతానంటోంది. మిక్సీ ఆగిపోతే విప్పి బాగుచేసేది అదే. మా ఆడపడుచేమో "ఆడపిల్లకి గ్రీజు పనెందుకు వదినా? కంప్యూటర్స్ పెట్టించు" అంటుంది. మావారు ఎటూ తేల్చరు. మా పిల్ల పులిహోర నాకన్నా బాగా కలుపుతుంది. ఆ చేత్తో స్పానర్ పట్టుకోకూడదని ఎక్కడుంది?

మొన్న అందరం వాదించుకుంటుంటే, ఐదో తరగతితో చదువాగిపోయిన మా అత్తయ్యగారు "దాన్నెవరైనా అడిగారా?" అన్నారు. ఇల్లంతా నిశ్శబ్దం.

వెబ్ ఆప్షన్లకి ఇంకా మూడు రోజులుంది. మొదటిది మెకానికలే పెట్టమన్నాను. మావారితో మాట్లాడే పూచీ నాది.