ఉచ్చు ముడి

పెనుబల్లిలో మా ఇంటి అటక మీద ఒక తాడు ముక్క ఉంది. బారెడు పొడవు, ఒక కొసన జారుముడి. ఇల్లు సర్దేటప్పుడు ఎవరైనా చెత్తలో వేస్తారేమోనని నాకు ఎప్పుడూ భయమే. అది కుందేలు ఉచ్చు.

పాత బోనులు సేకరించేవాళ్ళు అమెరికాలో చాలామంది ఉన్నారు. వాళ్ళ పని ఒక విధంగా తేలిక. న్యూయార్క్ రాష్ట్రంలో ఒనైడా సమాజంవాళ్ళు 19వ శతాబ్దంలో చేసిన న్యూహౌస్ ఇనుప బోనుల మీద పేరు, నంబరు అచ్చు వేసి ఉంటాయి. తుప్పు గీకితే పుట్టుపూర్వోత్తరాలు బయటపడతాయి. మన భద్రాచలం వైపు అడవుల్లో కోయలు, కొండరెడ్లు వాడినవన్నీ నార, వెదురు, రాయి. విప్పి చుట్టేస్తే వట్టి తాడే.

గుర్తుపట్టాలంటే జంతువును తలచుకోవాలి. కుందేలు ఉచ్చు నేలకు పిడికిలి ఎత్తున, తల పట్టేంత. కౌజుపిట్టలకైతే గుర్రపుతోక వెంట్రుకల ఉచ్చులు, కాలు చిక్కేంత, వరసగా. మర్రిపాలతో చేసిన బంక పూసిన పుల్ల ఎండిపోయాక దాన్ని ఎవరూ పట్టించుకోరు, అదీ పిట్టలను పట్టినదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం అడవిది కాదు, డెల్టా వరిచేలలో పెట్టే ఎలుకల బుట్ట. వెదురు బద్దను విల్లులా వంచి, ఆ బిగువునంతా చిన్న పుల్ల మీద ఆపుతారు. గింజల కోసం ఎలుక తల దూర్చి పుల్లను కదిపిందా, విల్లు నిటారై తాడు మెడకు బిగుస్తుంది. 1894లో విలియం హుకర్ అమెరికాలో పేటెంటు పొందిన స్ప్రింగు ఎలుకబోనుదీ ఇదే సూత్రం. అక్కడ ఉక్కు తీగ, ఇక్కడ వెదురు. హుకర్ పేరు నిలిచింది. వెదురును ఎంత పచ్చిగా ఉన్నప్పుడు వంచాలో కనిపెట్టిన మనిషి పేరు మనకు తెలియదు. అది నన్ను బాధపెడుతుంది.

తాడు ఇచ్చిన కోయ పెద్దాయనను "ఇది దేనికి తాతా?" అని అడిగాను. మాటల్లో చెప్పలేదు. రెండు పుల్లలు గుచ్చి, ఉచ్చు పన్ని, నా వేలు పెట్టమన్నాడు. చటుక్కున బిగిసింది.

"కుందేలు ఎటుబడితే అటు రాదయ్యా, పాత దారినే వస్తది" అన్నాడు. తరవాత ముడి వదులు చేసి నా చేతికిచ్చాడు. "విప్పే పెట్టుకో. పన్ని వదలకు."

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాల లెక్కలోనే వలలను, ఉచ్చులను, బోనులను చేర్చింది. ఆ చట్టం ఉండాల్సిందే. ఇప్పుడు అడవిలో దొరికేవి బండి క్లచ్ వైరుతో వేసిన ఉచ్చులు. వాటికి జంతువు కొలత లేదు. దుప్పి అయినా, చిరుత అయినా ఒకటే. చేల చుట్టూ పందుల కోసం పెట్టే కరెంటు తీగకైతే మనిషీ ఒకటే. అలాంటివి నేను ఇంటికి తెచ్చుకోను.

భద్రాచలంలో గిరిజన మ్యూజియం ఉంది, హైదరాబాదు మాసబ్‌ట్యాంకులో ఇంకొకటి. ఈ తాడు ఎప్పటికైనా అలాంటి చోటికే చేరాలి. చీటీ రాసి కట్టాను: ఏ జంతువుది, ఎంత ఎత్తున, ఎలాంటి దారిలో. ముడి వేసే తీరు మాత్రం ఎన్నిసార్లు రాసినా కుదరలేదు. ఈ ఆదివారం వెళ్ళి తాత చేతులను ఫోనులో వీడియో తీసుకోవాలి. ఆయన చూపు తగ్గుతోంది.