ముందు కాగితం, తర్వాతే కీబోర్డు

నా క్లాసులో మొదటి వారాల్లో ల్యాప్‌టాప్ తెరవనివ్వను. గళ్ల కాగితం, పెన్సిలు, రబ్బరు చాలు. బోర్డు మీద నాలుగైదు లైన్ల పైథాన్ ప్రోగ్రామ్ రాస్తాను. ఒక్కో లైను దాటేసరికి ఏ వేరియబుల్‌లో ఏముందో పిల్లలు గళ్లలో నింపుకుంటూ పోవాలి. దీన్నే ట్రేస్ టేబుల్ అంటాం. కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చినవాళ్లను కంప్యూటర్ ముట్టుకోవద్దంటే ముఖాలు చిన్నబోతాయి. మీరు కూడా డిగ్రీకి ముందు చదివే ఫౌండేషన్ ఏడాదిలో చేరబోతున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను, విసుక్కోకండి.

లూప్ ఎదురైన రోజే దీని విలువ తెలుస్తుంది. ‘రేంజ్’లో 1, 10 అని ఇచ్చి అన్నీ కూడమంటే క్లాసంతా 55 అని రాస్తుంది. మెషీన్ మాత్రం 45 అంటుంది. పది దగ్గర ఆగమంటే పదిని తాకకుండానే ఆగిపోతుంది మరి. కీబోర్డు ముందుంటే ఆ 10ని 11 చేసేసి, జవాబు వచ్చింది కదా అని ముందుకెళ్లిపోతారు. కాగితం మీదైతే చివరి గడిలో 9 దగ్గరే పెన్సిలు ఆగుతుంది, ఎందుకని అడుగుతారు. నాకు కావలసింది ఆ ప్రశ్నే.

ఈ పద్ధతి నా సొంతం కాదు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పీయూసీ పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో నాకన్నా పెద్దవారైన ఒక లెక్కల మాస్టారు నేర్పారు. ఆ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైన ఆర్జీయూకేటీలో భాగం, అక్కడ కోర్సు ఆరేళ్లు. పదో తరగతి అయిపోయిన పల్లెటూరి పిల్లల్ని తీసుకుని, మొదటి రెండేళ్లు పునాది వేసి, తర్వాత నాలుగేళ్ల బీటెక్‌లోకి పంపుతారు. మాస్టారు ఏ కాగితం మీదా తప్పు అని కొట్టేసేవారు కాదు. టేబుల్‌లో ఒక వరుస మీద వేలు పెట్టి, “ఇక్కడిదాకా సరిగ్గానే నడిచావు నాన్నా, ఇక్కణ్ణుంచి మళ్లీ నడువు” అనేవారు. సీఫ్‌కి వచ్చాక నేనూ అదే చేస్తున్నాను.

సీఫ్ అంటే బహ్రెయిన్‌లో సముద్రాన్ని పూడ్చి కట్టిన మనామా కొత్త పేట. చుట్టూ మాల్స్, అద్దాల టవర్లు. మాకు వారం ఆదివారం మొదలవుతుంది. క్లాసులో బహ్రెయినీ పిల్లలు, మలయాళీలు, ఈసా టౌన్‌లో సీబీఎస్‌ఈ చదివి వచ్చిన మన తెలుగు పిల్లలు ఉంటారు. పన్నెండులో కామర్స్ తీసుకుని మనసు మారినవాళ్లు, మూడేళ్ల బ్రిటిష్ డిగ్రీకి నేరుగా చేరడానికి మార్కులో సబ్జెక్టులో సరిపోనివాళ్లు ఈ ఫౌండేషన్ ఏడాదికి వస్తారు. లెక్కలు, ప్రోగ్రామింగ్, బైనరీ, ఇంగ్లిషులో రిపోర్టు రాయడం అన్నీ ఇందులోనే.

ఈ దేశమే నాకు మంచి పాఠాలు ఇచ్చింది. దీనారుకు వెయ్యి ఫిల్సులు. అంటే పాయింట్ తర్వాత మూడు అంకెలు. పాఠ్యపుస్తకాల్లోని డాలర్లకు రెండే. ఒకసారి క్యాంటీన్ బిల్లు ప్రోగ్రామ్ రాయమన్నాను. 2.750 దీనార్ల మీద పది శాతం వ్యాట్. ఒక అబ్బాయి పుస్తకంలో ఉన్నట్టే రెండు అంకెలకు ఫార్మాట్ చేశాడు, 3.03 వచ్చింది. రావలసింది 3.025. ఐదు ఫిల్సులు ఎక్కడివి? ఫార్మాట్ తీసేసి చూడమంటే తెర మీద 3.0250000000000004 ప్రత్యక్షమైంది. అంతా నవ్వారు, నేను ఆ రోజు పాఠం పక్కన పెట్టి దాన్నే పట్టుకున్నాను. బైనరీలో 1.1 కచ్చితంగా ఇమడదు కాబట్టి ఆ తోక వస్తుంది. అందుకే డబ్బును ఎప్పుడూ చిన్న నాణేల్లో, పూర్ణసంఖ్యల్లో దాచాలి. 2750 ఫిల్సులు, 110తో గుణించి వందతో భాగిస్తే శుభ్రంగా 3025. దీనారుగా మార్చడం చివర్లో, చూపించేటప్పుడు మాత్రమే.

ఇంకో అమ్మాయి సంగతి. ఇక్కడ అందరి జేబులో ఉండే సీపీఆర్ గుర్తింపు కార్డు నంబరుకు తొమ్మిది అంకెలు. మొదటి రెండూ పుట్టిన సంవత్సరం, తర్వాతి రెండూ నెల. నంబరు సరిగ్గా ఉందో లేదో చూసే ప్రోగ్రామ్ రాసింది. 1982లో పుట్టిన మనిషికని కల్పించిన నంబరు ఇస్తే ఒప్పుకుంది, తన ఈడువాళ్లకని కల్పించింది ఇస్తే తప్పు నంబరు అంది. చాలాసేపు లూపుల్లో వెతికింది. నేను నోరు విప్పలేదు, కష్టమే అయినా విప్పకూడదు. చివరికి ట్రేస్ టేబుల్ వేసుకుంది. రెండో గడిలోనే దొరికింది, 07తో మొదలయ్యే నంబరును పూర్ణసంఖ్యగా మారిస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి ఎనిమిది అంకెలే మిగులుతున్నాయి. “మేడమ్, ఇది అంకెలతో రాసినదే కానీ సంఖ్య కాదు” అంది. కూడికా తీసివేతా చేయని దేన్నీ సంఖ్యగా దాచొద్దు, స్ట్రింగ్‌గానే ఉంచండి. ఫోను నంబరైనా అంతే. కామర్స్ నుంచి వచ్చిన ఆ అమ్మాయి మొదటి గెలుపు అది.

ఇప్పుడు ఏఐ చేత కోడ్ రాయించుకుని తెచ్చేవాళ్లున్నారు. నేను తిట్టను. వైవాలో ఒక లైను మీద వేలు పెట్టి, “ఇది తీసేస్తే ఏమవుతుంది?” అని అడుగుతాను. కాగితం మీద నడిపించినవాళ్లు జవాబు చెబుతారు.

రాయడం దగ్గర మన పిల్లలు వెనకాడతారు. లాగరిథమ్ లెక్క ఇట్టే చేసి, పది లక్షల పేర్లలో ఒక పేరును బైనరీ సెర్చ్ ఇరవై పోలికల్లో పట్టేస్తుందని చెప్పగలరు. అదే సంగతి ఒక పేజీలో రాయమంటే పెన్ను కదలదు. ఇక్కడి బహ్రెయినీ సహోద్యోగి ఒకావిడ దీనికి ఉపాయం చెప్పారు: ఏం ప్రయత్నించాను, ఏం జరిగింది, అప్పుడేం మార్చాను. ఈ మూడే రాయించమన్నారు. చాలామంది గట్టెక్కారు. అయినా రిపోర్టుల దగ్గరే ఆగిపోయి మధ్యలో మానేసినవాళ్లున్నారు, వాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

తల్లిదండ్రులు ఏడాది వృథా అంటారు. వాళ్లకు రాజ్ రెడ్డి గారి సంగతి చెబుతాను. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో 1958లో పట్టా పుచ్చుకున్నది సివిల్ ఇంజినీరింగ్‌లో. కంప్యూటర్లలో ట్యూరింగ్ అవార్డు 1994లో వచ్చింది. వృథా అయ్యేది అడగకుండా చేరితేనే. ఫీజు కట్టేముందు ఈ ఫౌండేషన్ ఏయే డిగ్రీలకు చెల్లుతుందో, ఒక్క ఆ యూనివర్సిటీకేనా వేరే చోటికీనా, ఎన్ని మార్కులు రావాలో కాగితం మీద అడిగి తీసుకోండి.

చేరేలోపు వేసవిలో మూడు పనులు చేయండి. ఘాతాంకాలు, లాగరిథమ్‌లు, సెట్లు మళ్లీ చేతికి తెచ్చుకోండి. 255 దాకా ఏ సంఖ్యనైనా బైనరీలోకి కాగితం మీద మార్చడం అలవాటు చేసుకోండి. ఒక గళ్ల నోట్‌బుక్ కొనండి, రెండు వందల పేజీలది. డిసెంబరుకల్లా అది నిండాలి.